పదిహేనో పేరు

రెండు గంటలకు ప్రకటిస్తామన్న జట్టును మూడున్నర దాకా ప్రకటించలేదు. ఆ గంటన్నరా నేను ఒకే ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయి కూర్చున్నాను.

మైదుకూరు బజారులో ఒక బట్టల అంగడి. చీరల అరల పైన గోడకు బిగించిన టీవీ. దాని ముందు ముగ్గురం: అంగడి యజమాని, చర్చి బడిలో ఆటలు నేర్పే ఉపాధ్యాయుడు, నేను. జూన్ నెల సగమైనా వాన చినుకు లేదు. ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా వీపుకు అంటుకుంటోంది. నా ఒళ్ళో నోటుపుస్తకం తెరిచి ఉంది.

ఏడేళ్ళు దేశపు మహిళా క్రికెట్ జట్టును నడిపిన కెప్టెన్ ఆ నెల మొదట్లో తప్పుకుంది. మూడేళ్ళుగా ఆమె పక్కన వైస్ కెప్టెన్‌గా నిలబడిన వికెట్ కీపర్ మైదుకూరు పక్క పల్లె పిల్ల. ఆ రోజు కొత్త కెప్టెన్‌ను, కొత్త జట్టును చెప్పబోతున్నారు. ముందు రోజు నా పాత పత్రిక జిల్లా డెస్క్ నుంచి ఒక కుర్ర సబ్ ఎడిటర్ ఫోన్ చేశాడు. నేను రిటైరై నాలుగేళ్ళయింది.

"సార్, ఆ అమ్మాయి కెప్టెన్ అయితే వాళ్ళ కోచ్ మీద అర పేజీ మీరే రాయాలి. ఆయన మీతో తప్ప ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడడు. ఐదు గంటలకల్లా పంపండి. కాకపోతే మాత్రం ఆ ఐటెం అవసరం ఉండదు, ఏమనుకోకండి."

ఏమీ అనుకోలేదు. నేను డెస్క్‌లో ఉన్నప్పుడు అలాంటి మాటలు ఎన్నోసార్లు అన్నవాణ్ణే.

కోచ్ అంటే ఈ ఆటల ఉపాధ్యాయుడే. పదిహేడేళ్ళ క్రితం, పదకొండేళ్ళ పిల్లకు పెద్దవాళ్ళ పాత కీపింగ్ గ్లోవ్స్‌లో గుడ్డలు కుక్కి తొడిగింది ఆయనే. ఆయన గురించి రాయడానికి నా దగ్గర లేని సమాచారం లేదు. అర పేజీలో ముప్పావు వంతు పొద్దున కడప నుంచి వస్తూ బస్సులోనే రాసేశాను. ఆగిపోయింది ఒక్కచోటే. ఆయన తన గురించి ఎవరు అడిగినా మొదట చెప్పే మాట ఒకటుంది. ఆటలోకి వచ్చే ప్రతి పిల్లకూ అదే చెబుతాడు: "నేను జిల్లా జట్టుకు కూడా ఎంపిక కాలేదు. నాకు రాలేదు కాబట్టే మీకు నేర్పిస్తాండా."

వ్యాసానికి అంతకన్నా మంచి వాక్యం దొరకదు. కానీ అది నిజం కాదు. నిజం కాదని ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

దాదాపు ముప్పై ఏళ్ళ క్రితం నేను కర్నూలులో, పత్రిక అచ్చయ్యే చోట, జిల్లా పేజీలు చూసే సబ్ ఎడిటర్‌ని. కడప జిల్లా వార్తలు కవర్లలో వచ్చేవి. విలేఖరులు కవరు మీద పత్రిక పేరు రాసి ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. మేం బస్టాండుకు మనిషిని పంపి తెప్పించుకునేవాళ్ళం. ఆటల సంఘాలు ఎంపికైన పిల్లలకు ఉత్తరాలు రాసేవి కావు. జట్టు జాబితాను పత్రికకు పంపడమే ఉత్తరం. క్యాంపు ఎప్పుడు, ఎక్కడ అన్నది జాబితా పైనే ఉండేది. పల్లెల్లో పిల్లలు పేపర్లో తమ పేరు చూసుకుని, ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని క్యాంపుకు వచ్చేవారు. పేపర్లో పేరు లేకపోతే లేనట్టే.

ఒక ఆదివారం జిల్లా క్రికెట్ జట్టు జాబితా వచ్చింది. కార్బన్ కాపీ మీద పదిహేను పేర్లు. మొదట కెప్టెన్, తర్వాత వైస్ కెప్టెన్, తర్వాత బ్యాటింగ్ చేసేవాళ్ళు, చివరికి బౌలర్లు. ఎవరు పంపినా అదే వరస. కంపోజ్ చేయించి పేజీలో పెట్టించాను. సాయంత్రం ఆరున్నరకు పేజీ వదిలేయాలి. ఆరుంపావుకు పత్తి విత్తనాల ప్రకటన ఒకటి అనుకున్నదానికన్నా అర అంగుళం పొడుగ్గా వచ్చింది.

అప్పట్లో పేజీని కాగితం ముక్కలు అతికించి కట్టేవారు. అతికించే పెద్దాయన బ్లేడు పట్టుకుని నన్ను చూశాడు.

"సార్, క్రికెట్టు ఒక లైను ఎక్కువుంది. ఏం చేద్దాం?"

"కింద లైను తీసెయ్యి భాయ్," అన్నాను.

ఆ కింద లైనులో ఒక్క పేరే ఉంది, బ్రాకెట్లో మైదుకూరు అని. ఆయన దాన్ని కత్తిరించాడు. పై లైను చివర కామా మిగిలింది. బ్లేడు మొనతో ఆ కామా తోకను గీకి ఫుల్‌స్టాప్ చేశాడు. "చూడండి సార్, ఎంత సుబ్బరంగా ఉందో," అని నవ్వాడు. నేనూ నవ్వాను. వార్తను కింద నుంచి కత్తిరించాలని మాకు మొదటి వారంలోనే నేర్పిస్తారు. ముఖ్యమైనది పైన ఉంటుందని నమ్మకం. జాబితాకు పైనా కిందా ఉండవని నాకు ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు.

పది రోజుల తర్వాత సంఘం కార్యదర్శి వేరే పని మీద డెస్క్‌కు ఫోన్ చేసి, మాటల్లో విసుక్కున్నాడు. "మైదుకూరు దిక్కు నుంచి ఒక ఎడమచేతి బౌలర్ని తీసుకున్యాం సార్. వాని బంతి చూస్తే మీరు కళ్ళు మూసుకుంటారు. క్యాంపుకే రాలేదు. మీ పేపర్లో ఏసినాం గదా, సూడకుండా ఉంటాడా? పొగరు. ఇంగ వాణ్ణి పిలిచేది లేదు."

ఫోన్ పెట్టేసి పాత పేపర్ల కట్ట తీశాను. పద్నాలుగు పేర్లు. వైరుకు గుచ్చిన కాగితాల్లో నుంచి ఆ కార్బన్ కాపీ వెతికి పట్టుకున్నాను. పదిహేను.

ఆ సాయంత్రం ఒక సవరణ రాయొచ్చు. కార్యదర్శికి తిరిగి ఫోన్ చేయొచ్చు. రెండూ చేయలేదు. అప్పటికే ఆ నెలలో నా పేజీలో రెండు సవరణలు పడ్డాయి. మూడోది పడితే ఎడిషన్ ఇన్‌ఛార్జి ముందు నిలబడాలి. రేపు చూద్దాం అనుకున్నాను. కాగితాన్ని మాత్రం పారేయలేదు. ఇంట్లో నిఘంటువులో పెట్టాను. ఆ నిఘంటువు మూడు అద్దె ఇళ్ళు మారి, కర్నూలు నుంచి కడపకు బదిలీలో నాతోపాటు వచ్చింది.

కడపలో విలేఖరిగా ఉండగా, పద్నాలుగేళ్ళ క్రితం, ఒక పిల్ల వికెట్ల వెనక మగపిల్లల బంతులు పడుతోందని విని మైదుకూరు వెళ్ళాను. చర్చి వెనక రాళ్ళు ఏరేసిన మైదానం. నేర్పిస్తున్న ఆయన పేరు అడిగి రాసుకున్నాను. ఊరు అడిగాను. నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

"మీరు ఆడేవారా?" అని అడిగాను.

"నేనా? జిల్లాకు కూడా ఎంపిక కాలేదన్నా," అన్నాడు నవ్వుతూ.

అప్పుడే చెప్పాల్సింది. దానికి బదులు ఆ పిల్ల మీద పెద్ద వార్త రాశాను. తర్వాత ఏడాదికి రెండుసార్లయినా రాస్తూనే ఉన్నాను. మైదానానికి నెట్లు లేవని రాశాను. బస్సు పాసులు ఇవ్వడం లేదని రాశాను. ఆయన నన్ను అన్నా అని పిలిచాడు. వాళ్ళింట్లో క్రిస్మస్ నాడు తిన్నాను. పేపరోళ్ళలో నాలాంటివాణ్ణి చూడలేదని పది మంది ముందు చెప్పేవాడు. ఆయన అలా చెప్పినప్పుడల్లా వాచీ చూసుకుని లేచేవాణ్ణి.

ఇక, ఆ రోజు అంగడికి వస్తాను.

"ఏమప్పా పేపరాయనా, రాసినావా లేదా? పెన్ను కొరుకుతాండావు గానీ గీత పడేది కనపడలే," అన్నాడు అంగడి యజమాని. ఆయనకు ఆ పిల్ల అంటే ప్రాణం. మొదటి కిట్టు బ్యాగు కుట్టించింది ఆయనే. మూలన పెద్ద ఫ్లెక్సీ చుట్ట నిలబెట్టి ఉంది. అందులో ఏముందో బజారంతటికీ తెలుసు. ‘మన మైదుకూరు, మన కెప్టెన్.’

"ముందే ఎందుకు కొట్టిచ్చినావు సెట్టీ? దిష్టి తగుల్తాది," అన్నాడు కోచ్.

"తగిల్తే నాకు తగల్నీలే అయ్యవారూ. ప్రకటించినాక ఇచ్చినామంటే ఆ ఫ్లెక్సీవోడు వారం తిప్పుతాడు. వానికి పెండ్లిండ్ల గిరాకీ."

కోచ్ కూర్చోలేకపోతున్నాడు. లేచి అంగడి గడప దాకా పోయి వస్తాడు. ఫోను తీసి చూస్తాడు, జేబులో పెడతాడు, మళ్ళీ తీస్తాడు. నేనూ అంతే. ఇద్దరిదీ ఒకే కంగారని అంగడాయన అనుకుంటున్నాడు. కోచ్‌కు అమ్మాయి కెప్టెన్ అవుతుందా లేదా అన్నదే దిగులు. నా దిగులు వేరు: ఆమె కెప్టెన్ అయితే ఆ వాక్యం అచ్చులోకి పోతుంది. నా పేరుతో, నాకు తెలిసే.

"పెద్ద ఊరి పిల్లను ఒకదాన్ని తెస్తారని అంటాండారు గదా?" అన్నాడు అంగడాయన.

"ఇరవై మూడేండ్లు ఆ పిల్లకు. బాగా ఆడతాది, కాదన్ను. కానీ కీపరుకు ఆట మొత్తం ఎదురుగా కనపడతాది సెట్టీ. ఏ బౌలరు ఎప్పుడు అలిసిపోతుందో మా పాప ముఖం చూసి చెప్తాది. పదేండ్లు వంగి వంగి దాని మోకాళ్ళు అరిగిపోయినాయి. ఈతూరి గానీ పక్కన పెడితే..." ఆయన గడప దగ్గర ఆగాడు. "వచ్చేయ్ పాపా, ఇంగ సాలు అని చెప్తా. మర్యాద లేనిచోట ఆడే పన్లే. మన మైదానంలో పిల్లలకు నేర్పించుకుందాం."

"అట్లనే చెప్పు. నేనూ ఉండా నీ వెనక," అన్నాడు అంగడాయన.

మూడున్నరకు టీవీలో మైకుల వెనకాల సెలెక్టర్లు కనిపించారు. పెద్ద సెలెక్టరు కాగితం విప్పాడు. ‘భవిష్యత్తును దృష్టిలో పెట్టుకుని...’ అన్నాడు. ఆ మాట వినగానే నాకు అర్థమైంది. నలభై ఏళ్ళు ప్రకటనలు విన్న చెవులు. ఆ మాటతో మొదలైన ఏ ప్రకటనా ఉన్నవాళ్ళకు మంచి చేయలేదు.

కెప్టెన్‌గా ఇరవై మూడేళ్ళ పిల్ల పేరు చదివాడు. వైస్ కెప్టెన్‌గా ఇంకెవరో.

"భవిష్యత్తా?" అంగడాయన టీవీ మీదికి అరిచాడు. "ఇరవై ఎనిమిదేండ్లకే మా పాపకు భవిష్యత్తు లేదంట్యా? నీకెంతుండాదిరా భవిష్యత్తు, బట్టతలోడా?"

"గమ్మునుండు సెట్టీ. సదువుతాండాడు," అన్నాడు కోచ్.

నేను అలవాటు కొద్దీ వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాను. ఏడో పేరు దగ్గర ఒక కొత్త కీపర్ వచ్చింది. కోచ్ గడప గొళ్ళెం పట్టుకున్నాడు. పది. పదకొండు. బౌలర్లు వస్తున్నారు. పద్నాలుగు అయ్యాయి. సెలెక్టరు నీళ్ళు తాగాడు. తర్వాత చదివిన పేరు మా పిల్లది. రెండో వికెట్ కీపర్.

పదిహేనో పేరు. కింద లైను. స్థలం చాలకపోతే ముందు ఎగిరిపోయే పేరు.

అంగడాయన టీవీ కట్టేశాడు. ఫ్లెక్సీ చుట్టను చంకన పెట్టుకుని, "దీన్ని ఇంట్లో పడేసి వస్తా. పక్కన వైస్ అని అతికిద్దామంటే అది కూడా ఊడబెరికినారు," అంటూ బయటికి పోయాడు.

అంతలోనే నా ఫోన్ మోగింది. డెస్క్ కుర్రాడు. "సార్, చూశారుగా. ఆ స్టోరీ వద్దు. మేం చిన్న బాక్స్ కట్టేస్తాం. సారీ సార్."

"పర్లేదు," అన్నాను.

ఒళ్ళంతా తేలికైంది. వాక్యం రాయక్కర్లేదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ తేలికతనం గుండె దాకా వచ్చాక గడప దగ్గర నిలబడ్డ మనిషి వైపు చూశాను. ఆయన గొళ్ళెం ఇంకా వదల్లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"రాదంటనా పేపర్లో?" అన్నాడు. నా మాటను బట్టే అర్థం చేసుకున్నాడు.

"రాదంట."

"పోనీలే." వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "రాసింది సదువన్నా. ఎవురూ సదవరు గదా, నేనన్నా ఇంటా. రోంత మనసుకు బాగుంటాది."

చదవడం మొదలుపెట్టాను. గ్లోవ్స్‌లో గుడ్డలు కుక్కిన సంగతి చదివాను. ఆయన తల ఊపాడు. వర్షాకాలం మైదానంలో నీళ్ళు నిలిస్తే చర్చి వరండాలో క్యాచ్‌లు పట్టించిన సంగతి చదివాను. "గంట తాడు తగిలి ఒగతూరి గంట మోగింది, అది రాసినావా?" అన్నాడు. రాశానన్నాను. తర్వాత ఖాళీ వచ్చింది. రెండు లైన్లు వదిలిపెట్టిన చోటు.

"ఈడేముండాది?"

"ఇక్కడ మీ ఆట గురించి రాయాలి."

"అదేముంది, జిల్లాకు కూడా ఎంపిక కాలేదని రాయి."

"ఎంపికయ్యారు," అన్నాను.

ఆయన నవ్వబోయి ఆగాడు. ఇక నేను ఆగలేదు. ప్రకటన, అర అంగుళం, బ్లేడు, కామా తోక, కార్యదర్శి ఫోన్, నిఘంటువులో కాగితం, అన్నీ చెప్పాను. వరసగా చెప్పాను, వార్త చెప్పినట్టు. ఎంతసేపు చెప్పానో తెలియదు. నేను ఆపేటప్పటికి ఆయన అరల్లోని చీరల అంచులు చూస్తున్నాడు.

"పద్నాలుగు," అన్నాడు. "లెక్కపెట్టినా. నాలుగుతూర్లు లెక్కపెట్టినా. పద్నాలుగు మందిని ఎవురన్నా తీసుకుంటారా అని ఆ పొద్దే అనిపించింది. పేపరోళ్ళకు తెలీదా, వాళ్ళు తప్పేస్తారా అనుకున్యా."

పెన్నుకు మూత పెట్టాను.

"శనివారం సెలెక్షన్లలో ఆరు వికెట్లు తీసినా. పెద్దాయన ఒకాయన భుజం తట్టి, పేపర్లో చూసుకోపో అని నవ్వినాడు. ఇంటికొచ్చి మా నాయనకు చెప్పినా, నన్ను తీసుకున్యారు అని. మా నాయన చర్చి గంట కొట్టేవాడు. ఆదివారం మా కోడిపుంజును కృతజ్ఞత కానుక పెట్టినాడు. పాస్టరు నా పేరు చెప్పి ప్రార్థన చేసినాడు. ఊరంతా నిలబడిరి. సోమవారం మా నాయనే పోయి బస్టాండులో పేపరు తెచ్చినాడు. సదవడం రాదు ఆయప్పకు. నన్నే సదవమన్యాడు. సదివినా. పద్నాలుగు పేర్లు."

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"దేవుని గుడిలో నాతో అబద్ధం చెప్పించినావు గదరా అన్యాడు. అంతే. కొట్టలే, తిట్టలే. మళ్ళా నేను ఏం చెప్పినా ‘నిజమేనా?’ అని అడిగేవాడు. వానొచ్చింది నాయనా అన్నా, బయటికి పోయి చూసొచ్చేవాడు. పదకొండేండ్లు అట్లనే అడిగి పోయినాడు. బాల్ తాకొద్దన్యాడు, ఆయప్ప ఉన్నన్నాళ్ళు నేను ఆటాడలే. టీచరు ట్రైనింగు చేస్తినే గానీ."

నేను అనుకున్నది ఒక కుర్రాడి క్రికెట్ పోయిందని. ఒక తండ్రి నమ్మకం పోయిందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఊహించలేదు. క్షమించమని అనబోయాను. ఆ మాట అంటే ఆయన ఏదో ఒకటి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ బరువు కూడా ఆయన మీదే పెట్టడం సరిగా లేదనిపించి ఊరుకున్నాను.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. తెర మీద ఆ అమ్మాయి బొమ్మ. ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. ఆమె గొంతు పెద్దది, వికెట్ల వెనక నుంచి అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు. నాకు ప్రతి మాటా వినిపిస్తోంది.

"సార్, నేను పోను. నడుము బాగలేదని రాసిచ్చేస్తా. పదేండ్లు ఆడినాక నన్ను ఆ చివర కూర్చోబెడతారా? కీపింగు కూడా లేదు, నీళ్ళు మొయ్యాలంట నేను. మీరే చెప్పినారు గదా సార్, మర్యాద లేనిచోట ఉండొద్దని."

కోచ్ ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

"పాపా, జాబితాలో నీ పేరుండాదా లేదా?"

"ఉండాది. చివర్న."

"ఎవురన్నా కొట్టేసినారా?"

"లేదు సార్."

"అయితే క్యాంపుకు పో."

"సార్..."

"ఇను మే. నీళ్ళు మొయ్యమంటే మొయ్యి. ఆ కొత్త పిల్లకు బౌలర్ల సంగతి తెలీకపోతే చెప్పు. తిట్టుకోవాలంటే రాత్రికి నాకు ఫోన్ చేసి తిట్టు. మొదటి రోజు పొద్దున మాత్రం అందరికన్నా ముందు పోయి నిలబడు. పేరుండి కూడా పోనోడు ఒగడుండాడు మైదుకూర్లో. వాని కథ నీకు మళ్ళా చెప్తా."

"ఎవురు సార్?"

"చెప్తాలే. బ్యాగు సర్దుకో."

ఫోన్ పెట్టేశాడు. లేచి చొక్కా సరిచేసుకున్నాడు. మైదానంలో పిల్లలు వచ్చే వేళయింది.

"సార్, నాలుగున్నరకు కడప బస్సుండాది. బయల్దేరండి," అన్నాడు.

పద్నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి సార్ అన్నాడు. నేను నోటుపుస్తకం మూసి బస్టాండు వైపు నడిచాను.

తర్వాత మూడు వారాలు ఇంట్లో నిలవలేకపోయాను. నిఘంటువు తీసి కాగితం చూడటం, మళ్ళీ పెట్టడం. ఒకరోజు డెస్క్‌కు ఫోన్ చేసి సవరణ వేస్తారా అని అడిగాను. కుర్రాడు మర్యాదస్థుడు, నవ్వు ఆపుకున్నాడు. "వారం దాటితేనే వేయం సార్. ముప్పై ఏళ్ళంటే..." నిజమే, నేనున్నప్పుడూ అదే నియమం. ఆ అమ్మాయి క్యాంపులో ఉన్న ఫొటో ఒకటి పేపర్లో వచ్చింది. వెనక వరసలో, చివర, చేతుల్లో గ్లోవ్స్.

నాలుగో వారం కోచ్ ఫోన్ చేశాడు. ఎట్లున్నారని అడగలేదు.

"సార్, ఆ కాయితం నిజంగా ఉండాదా?"

"ఉంది."

"ఆదివారం తీసుకురాండి. ప్రార్థన అయినాక. మాయమ్మకు సదివి ఇనిపియ్యాల."

"నేనా?"

"నేను సదివితే నమ్మదు సార్."

ఆదివారం వెళ్ళాను. చర్చికి రెండు వీధుల అవతల వాళ్ళిల్లు. ఆమె వసారాలో చాప మీద కూర్చుని విత్తనానికి వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. పక్కన చేట. నన్ను క్రిస్మస్ రోజుల్లో చాలాసార్లు చూసింది. కోడలు మంచినీళ్ళిచ్చి లోపలికి పోయింది. కోచ్ గుంజకు ఆనుకుని, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఈయప్పేనా?" అంది ఆమె కొడుకుతో.

"ఆయప్పేమా."

ఆమె చేతిలో కాయ చిట్లించి గింజలు చేటలో వేసింది.

"మా ఆయప్ప పోయినాక తెచ్చినావే కాయితం," అంది. తిట్టినట్టు లేదు. ఆలస్యంగా వచ్చిన బస్సును అడిగినట్టుంది. "సదువు."

మడతల దగ్గర కాగితం చీలింది. నీలి అక్షరాలు వెలిశాయి గానీ కనిపిస్తున్నాయి. పై నుంచి మొదలుపెట్టాను. గొంతు ఆగడం లేదు, త్వరగా చివరికి చేరాలని పరుగెడుతోంది. మూడు పేర్లు అయ్యేసరికి ఆమె చెయ్యెత్తింది.

"నిదానంగా సదువప్పా. ఏం తొందరుండాది నీకిప్పుడు?"

నిదానంగా చదివాను. ప్రతి పేరు తర్వాత బ్రాకెట్లో ఊరు. రాజంపేట. ప్రొద్దుటూరు. కడప. ఆమె ప్రతి పేరుకూ తల ఊపుతోంది, అందరూ తెలిసినవాళ్ళయినట్టు. ఒలవడం ఆపేసింది. పద్నాలుగో పేరు చదివాక ఊపిరి తీసుకున్నాను. ఆ కాగితం మీద అక్కడ కామా ఉంది, తోకతో సహా. తర్వాత కింద లైనులో ఉన్న పేరు చదివాను. ఊరు చదివాను.

గుంజ దగ్గర మనిషి కదల్లేదు. వీపు మాత్రం కనిపిస్తోంది.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. గోడకు తగిలించిన భర్త ఫొటో వైపు తిరిగి కూర్చుంది, చాపను కూడా కాస్త లాక్కుని.

"మళ్ళా సదువు," అంది. "ఈతూరి రోంత గట్టిగా."

"చివరి పేరా అమ్మా?"

"అంతా సదువు. మొదట్నుంచి."

కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, కెప్టెన్ పేరు దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను.